పక్కపక్కన రెండు సీట్లు

విమానం మొదటి తరగతిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో పదకొండేళ్లు నేనే నిర్ణయించాను. అందులో పదేళ్ల పాటు విమానం లోపల ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. నా చేతిలో ఉన్నది ఒక దళసరి కాగితం. దాని మీద చేప ఆకారంలో ఒక గీత, గీత లోపల వరసగా చిన్న చిన్న డబ్బాలు. ఒక్కొక్క డబ్బా ఒక సీటు. ఆ డబ్బాల్లో నేను పెన్సిలుతో పేర్లు రాసేవాణ్ని.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నవాళ్లు కొందరు నన్ను అడుగుతుంటారు, జంటలకు సీట్లు చూడటంలో కిటుకేమిటని. కిటుకు ఉంది. కానీ అది, నేను ఒక మనిషి కొలువు చెడగొట్టాక తెలిసింది. కాబట్టి ముందు పని సంగతి, ఆ తర్వాత ఆ మనిషి సంగతి రాస్తాను.

బస్సు నుంచి విమానానికి

మాది కేతేపల్లి దగ్గర పల్లె. గొర్ల మంద ఉన్న ఇల్లు. నేను మంద వెంట పోవడానికి పనికిరానని మా బాపు తేల్చేసి బడికి పంపాడు. చదువు మెట్రిక్ దాకా వచ్చి ఆగింది. నల్లగొండ బస్టాండులో టికెట్ల కిటికీ దగ్గర కుదిరాను. అక్కడ నేర్చుకున్న విద్య ఒక్కటే: ఆడవాళ్లు ముందు, మగవాళ్లు వెనక. మొగుడూ పెళ్లాలైనా సరే, బస్సు ఎక్కగానే విడిపోవాలి, దిగాక కలుసుకోవాలి. ఎవరూ దీని మీద తగువు పెట్టుకోలేదు. సంబంధాలు చెడిపోయిన దాఖలాలు కూడా లేవు.

తర్వాత నందికొండలో ఆనకట్ట పని ఊపందుకుంది. యంత్రాలు అందించే ఒక పరదేశపు కంపెనీ అక్కడ ఆఫీసు తెరిచింది. దాని పేరు రాయను, ఎందుకంటే ఈ కథలో తప్పు నాది. వాళ్ల ఇంజనీర్లు, వాళ్ల భార్యలు లండన్‌కో ఇంకెక్కడికో పోతూ వస్తూ ఉండేవారు. టికెట్లు, సీట్లు చూడటానికి ఒక గుమాస్తా కావాలన్నారు. నేను అర్జీలో ‘సీట్ల పనిలో అనుభవం ఉన్నది’ అని రాశాను. అబద్ధం కాదు. తీసుకున్నారు.

మా ఆఫీసు పెద్ద సలీం సాబు. హైదరాబాద్ మనిషి, పాత ఉద్యోగి. మొదటి రోజే ఆయన సీట్ల కాగితం నా ముందు పరిచి చెప్పాడు: “చూడు మల్లయ్యా, జోడీని చూసి సీటియ్యకు. జోడీని అడిగి ఇయ్యి. మియాను వేరే అడుగు, బీబీని వేరే అడుగు. ఇద్దరిదీ ఒకటే జవాబు వస్తే ఇంకోసారి అడుగు, ఎవరో ఒకరు భయపడి చెప్పిన్రన్నట్టు.”

నేను నవ్వాను. సలీం సాబు నవ్వలేదు.

కాగితం మీద తెలిసేవి, తెలియనివి

కొన్ని సంగతులు కాగితం చూస్తే తెలుస్తాయి. మొదటి వరస అందరూ అడుగుతారు, ముందు ఎవరూ ఉండరు కాబట్టి. కానీ ఎదురుగా గోడ ఉంటుంది. పొడుగు కాళ్లవాళ్లు ఆ గోడను తన్నుకుంటూ సముద్రం దాటాలి. వంట జాగా దగ్గర సీటైతే ప్లేట్ల చప్పుడు. మరుగుదొడ్డి దగ్గరైతే రాకపోకలు. నడవ పక్క సీటు మాటిమాటికి లేచేవాళ్లకు, కిటికీ పక్క సీటు పడుకునేవాళ్లకు. ఇవన్నీ ప్రయాణం చేసి వచ్చినవాళ్లు తిడుతుంటే నేర్చుకున్నాను. తిట్టు చెప్పినంత వివరంగా ఏ పుస్తకమూ చెప్పదు.

జంట సంగతి మాత్రం కాగితం చెప్పదు. ఒక లెక్కల అధికారి ఉండేవాడు. భార్యకు కిటికీ పక్కన సీటు కావాలని గట్టిగా చెప్పి పోయాడు. తిరిగి వచ్చాక ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

“కిటికీ ఎవరడిగిన్రు?”

“సారు అడిగిన్రమ్మా.”

“నాకు కిందికి చూస్తే కళ్లు తిరుగుతయి. పెండ్లయిన కాణ్నుంచి చెప్తున్న ఆయనకు. నువ్వన్న అడగొద్దా?”

ఇంకొక ముసలి జంట, ఒకరి వెనక ఒకరికి సీట్లు కావాలన్నారు. ఏదో తగువు ఉందనుకుని నేను బాధపడ్డాను. తీరా అడిగితే ఆ పెద్దమనిషికి పెద్ద గురక. ఆమె వెనక కూర్చుని, గురక పెరిగినప్పుడల్లా కుర్చీని కాలితో ఒక తన్ను తన్నుతుందట. నలభై ఏళ్ల కాపురంలో వాళ్లు కనిపెట్టిన ఏర్పాటు అది. పక్కపక్కన వేస్తే ఆ తన్ను కుదరదు.

ఇట్లాంటివి రెండు మూడు చూశాక సలీం సాబు మాట నాకు బోధపడాల్సింది. బోధపడిందనే అనుకున్నాను కూడా. కానీ నేను అడిగేది ఎవరిని? పెద్ద హోదావాళ్లను. వాళ్లు అడగకపోయినా చెప్తారు. అడిగితే తప్ప చెప్పలేనివాళ్లను, అడిగినా కారణం చెప్పుకోలేనివాళ్లను నేను లెక్కలో వేసుకోలేదు.

రత్నం, మార్తమ్మ

రత్నంది పాలమూరు జిల్లా. ఆయన తల్లీతండ్రీ మట్టిపనికి ఏ ఆనకట్ట కడితే ఆ ఆనకట్టకు పోయినవాళ్లు. భూమి లేదు. రత్నం మిషన్ బడి హాస్టల్లో చదివి, యంత్రాల పని నేర్చుకుని, మా కంపెనీలో బండలు తొలిచే యంత్రాల మీద సూపర్వైజరు అయ్యాడు. భార్య మార్తమ్మ కాలనీ బడిలో టీచరు. సలీం సాబుకు పైన ఉండే కంపెనీ పెద్ద సాబుకు రత్నం పని మీద గురి. కొత్త యంత్రాల పని నేర్చుకుని రమ్మని ఏడాదిన్నర కోసం లండన్ పంపడానికి ఆయన్నే ఎంచాడు. ఏడాది దాటితే భార్యను కూడా పంపాలని కంపెనీ నియమం. ప్రయాణం మొదటి తరగతిలో. మట్టితట్టలు మోసినవాళ్ల కొడుకూ కోడలూ మొదటి తరగతిలో పోతున్నారని కాలనీలో పది రోజులు ఇదే మాట.

అప్పటికి నాకు తెలియనిది, ఆఫీసులో ఎవరికీ తెలియనిది ఒకటుంది. బండలు పేల్చేటప్పుడు రత్నానికి ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి సగమే పనిచేసేది. ఆయనకు మాట అందించేది మార్తమ్మ. ఎక్కడికి పోయినా ఆయన కుడి పక్కనే నడిచేది. ఎదుటివాళ్లు అన్నమాట ఆయన వైపు తిరిగి, ఏదో భార్య మొగుడితో మాట్లాడినట్టు మళ్లీ అనేది. ఆయన ఆమె పెదవులు చూసి జవాబు చెప్పేవాడు. పనిలో అంతా యంత్రాల హోరే కాబట్టి అందరూ సైగలే చేసుకునేవారు, అక్కడ తేడా తెలిసేది కాదు. మేమంతా మాత్రం మార్తమ్మ మొగుణ్ని కొంగుకు కట్టుకుని తిరుగుతుందని నవ్వుకునేవాళ్లం. ఆ మాటను ఎక్కువసార్లు అన్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

లండన్‌లో చెవికి పెట్టుకునే మంచి యంత్రాలు ఉన్నాయని వాళ్లు వాకబు చేసుకున్నారు. చేరాక శిక్షణ మొదలయ్యే లోపు వారం రోజుల గడువుంది. ఆ వారంలో యంత్రం పెట్టించుకోవాలని వాళ్ల ఆలోచన. అంతవరకు ఎవరికీ తెలియకుండా నెగ్గుకురావాలి. తెలిస్తే చెవిటివాణ్ని శిక్షణకు ఎట్లా పంపుతామని ఆపేస్తారు. అంతే వాళ్లకు కావలసింది. చప్పుడు లేకుండా లండన్ దాకా పోవడం.

ప్రయాణానికి పది రోజుల ముందు మార్తమ్మ ఒక్కతే వచ్చింది.

“అన్నా, గా సీట్లు మా ఇద్దరికి పక్కపక్కనే పడుతయి గదా?”

“ఎందుకట్ల అడుగుతున్నవ్ టీచరమ్మా?”

“ఏం లేదు, ఊకెనే. ఎటువడితె అటు వెయ్యకుండ్రి. ఆయనకు కుడిపక్క నేనుండాలె. జర యాది పెట్టుకో.”

“కుడిపక్క! మొగుడు ఎగిరిపోతడనా? తలుపులు మూసే ఉంటయమ్మా.”

బల్ల దగ్గర ఉన్న ఇద్దరు గుమాస్తాలు పడీపడీ నవ్వారు. మార్తమ్మ కూడా నవ్వింది. “యాది పెట్టుకో అన్నా” అని ఇంకోసారి చెప్పి పోయింది. ఆమె రెండుసార్లు చెప్పింది. సలీం సాబు పద్ధతి ప్రకారం నేను ఇంకోసారి అడగాల్సింది అప్పుడే.

నేను చేసిన ఏర్పాటు

రెండు రోజులకు కబురొచ్చింది, పెద్ద సాబు, ఆయన భార్య అమ్మగారు సెలవు మీద అదే విమానంలో లండన్ పోతున్నారని. నాలుగు సీట్లు. కుడి వైపున ఒకదాని వెనక ఒకటి రెండు వరసలు ఖాళీగా ఉన్నాయని బొంబాయి నుంచి తంతి వచ్చింది. నేను పెన్సిలు తీసుకుని కాగితం ముందు కూర్చున్నాను.

అప్పుడు నా బుద్ధి బస్టాండుకు పోయింది. ముందు వరసలో అమ్మగారిని, మార్తమ్మను వేశాను. వెనక వరసలో పెద్ద సాబును, రత్నాన్ని వేశాను. పెద్ద సాబుకు నడవ పక్క సీటు, ఆయన కాళ్లు పొడుగు కాబట్టి. రత్నానికి కిటికీ. ఆడవాళ్లకు ఆడవాళ్లు తోడు, మగవాళ్లు పని సంగతులు మాట్లాడుకుంటారు. అంత పొద్దు పెద్ద సాబు పక్కన కూర్చునే అదృష్టం రత్నానికి మళ్లీ ఎప్పుడు వస్తుంది? మేలే చేస్తున్నానని అనుకున్నాను. పెద్ద సాబు కూడా సంతోషిస్తాడని అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఈ రెండో ఆలోచనే ముందు వచ్చింది.

మార్తమ్మ మాట గుర్తుంది. మరిచిపోయానని చెప్పుకుంటే తేలికగా ఉంటుంది కానీ, మరిచిపోలేదు. ఆమె మాటకు విలువ ఇవ్వలేదు. అదే మాట పెద్ద సాబు భార్య అంటే నేను ట్రంకు కాల్ కోసం పూట పూటంతా కూర్చుని బొంబాయితో ఖాయం చేసుకునేవాణ్ని. అడిగింది మట్టిపనివాళ్ల కోడలు. మొదటి తరగతి దొరకడమే ఎక్కువ, అందులో మళ్లీ కుడి ఎడమలా అనిపించింది. మాదీ గొర్లు కాసిన ఇల్లే. అయినా అట్లాగే అనిపించింది.

తంతి ఇచ్చాను. సీట్లు ఖాయమయ్యాయి.

విమానం ఎక్కాక రత్నం, మార్తమ్మ చూసుకుంటే సీట్లు ఇట్లా ఉన్నాయి. మార్చుకోవాలంటే పెద్ద సాబును లేవమనాలి. ఏ కారణం చెప్పి లేవమంటారు? మార్తమ్మ ఒకసారి ధైర్యం చేసి అమ్మగారితో, నేను వెనక కూర్చోనా అని అడిగిందట. “ఇంట్లో రోజూ మొగుడి పక్కనేగా, ఈ ఒక్కరోజు హాయిగా కూర్చో” అని ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టిందట. సీటు వీపులు ఎత్తు. వెనక్కి తిరిగినా మొగుడి ముఖం కనిపించదు.

పెద్ద సాబు రత్నానికి ఎడమ పక్కన కూర్చున్నాడు. మాటల మనిషి. రత్నం ప్రతి మాటకూ ‘ఎస్ సర్’ అన్నాడు.

ఆ తర్వాతి సంగతి పెద్ద సాబే సెలవు నుంచి వచ్చాక ఆఫీసులో అందరి ముందూ చెప్పాడు. “పిల్లలు ఎంతమంది అని అడిగాను. ఎస్ సర్ అన్నాడు. మీ ఊరు ఎంత దూరం అన్నాను. ఎస్ సర్. అనుమానం వచ్చి, నిన్ను ఈ కిటికీలోంచి కిందికి తోసెయ్యనా అని అడిగాను. నవ్వుకుంటూ, ఎస్ సర్!” అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సలీం సాబు ఒక్కడే లేచి బయటికి పోయాడు.

దిగిన మరునాడే పెద్ద సాబు రత్నాన్ని డాక్టరు దగ్గరికి పంపాడు. వారం గడువు అక్కరకు రాకుండా పోయింది. వినికిడి లేదని, ఆ సంగతి దాచిపెట్టాడని రాసి, శిక్షణ రద్దు చేసి వెనక్కి పంపారు. చెవులు లేనివాణ్ని పేలుడు పనికి దూరంగా ఉంచాలన్న నియమం మంచిదే. నేను కాదనను. కానీ ఆయన పోయింది పేల్చడానికి కాదు, యంత్రాలు నేర్చుకోవడానికి. చెవికి యంత్రం పెట్టుకుని తానే పోయి చెప్పుకుని ఉంటే వాళ్లు వినేవారేమో. ఆ చెప్పుకునే వీలు ఆయనకు దక్కలేదు.

అర్జీ

వచ్చాక రత్నాన్ని స్టోరు గేటు దగ్గర కూర్చోబెట్టారు. మార్తమ్మ నా దగ్గరికి వచ్చింది. అప్పుడే మొదటిసారి చెవి సంగతి నాకు చెప్పింది.

“పక్కపక్కనే అని రెండు మాట్ల చెప్పిన గదన్నా. గట్లెట్లయింది?”

నేను ఆమె ముఖం చూడకుండా చెప్పాను. “విమానం కంపెనోళ్లు మార్చిన్రు టీచరమ్మా. మన చేతుల ఏముంటది?”

“వాళ్లు మార్చిన్రా?”

“వాళ్లే.”

“అయితె వాళ్లకు అర్జీ పెడుత. తప్పు మాదే అని వాళ్లు రాసిస్తె, గది మన సాబుకు చూపెడుత. నేను పక్కనుంటె ఆయనకు మాట అందుతదని చెప్పి ఇంకొక్కసారి పంపుమని అడుగుత. నాకు ఇంగ్లీషుల గట్టిగ రాయరాదు. నువ్వు రాసిస్తవా?”

రాసిచ్చాను. టైపు చేసి ఇచ్చాను. ‘మీ నిర్లక్ష్యం వల్ల ఒక కుటుంబానికి జరిగిన నష్టం’ అని ఒక వాక్యం నేనే కలిపాను. బాగుందని మార్తమ్మ మెచ్చుకుంది. జవాబు ఆఫీసు చిరునామాకు తెప్పించమని నేనే సలహా ఇచ్చాను.

జవాబు వచ్చింది. మర్యాదగానే రాశారు. సీట్లు మీ ఆఫీసు కోరిన ప్రకారమే ఇచ్చామని, దానితో పాటు నా తంతి నకలు జత చేశారు. దాని కింద నా పేరు ఉంది. నేను దాన్ని చింపి, ముక్కలు జేబులో వేసుకుని, కృష్ణలో వదిలేశాను. మార్తమ్మ మూడు నెలల దాకా వారానికి ఒకసారి వచ్చి అడిగింది. “ఏమన్న వచ్చిందా అన్నా?” “ఇంకా రాలే టీచరమ్మా.” ఆ తర్వాత రావడం మానేసింది. ఆ ఎండాకాలం వాళ్లు నందికొండ విడిచి పాలమూరు పోయారు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఒకటి గమనించాలి. సీటు తప్పు వేయడం తప్పే, కానీ అందరూ వేస్తారు. నేను చెడ్డవాణ్ని అయింది పెన్సిలు దగ్గర కాదు, టైపు మిషను దగ్గర.

నేను ఎక్కిన విమానం

పదకొండో ఏట కంపెనీ తనంతట తానే నాకూ మా ఇంటామెకూ బేగంపేట నుంచి బొంబాయికి విమానం టికెట్లు ఇచ్చింది. పక్కపక్కనే సీట్లు. విమానం లేచేటప్పుడు మా ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఏదో అంది. నాకు వినపడలేదు. ఇంకోసారి అంది. వినపడలేదు. మూడోసారి నా చెవిలో నోరు పెట్టి అరిచింది.

“భయమైతుందంటున్న, ఎన్నిమాట్ల చెప్పాలె?”

రెండు చెవులూ సరిగా ఉన్న నాకే అట్లా ఉంది. బొంబాయిలో ఏం చూశామో నాకు ఇప్పుడు గుర్తులేదు. తిరిగి వచ్చిన ఆదివారం నేను పాలమూరు బస్సెక్కాను.

పాలమూరులో

రత్నం వ్యవసాయ బావుల ఆయిలింజన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. వెనకే ఇల్లు. నేను పోయేసరికి ఒక ఇంజను నడుస్తూ ఉంది. ఆయన దాని మీద వంగి, చేతిని దాని పొట్ట మీద ఆనించి, అదురు చూసి లోపం పట్టుకుంటున్నాడు. ముగ్గురు రైతులు అరుగు మీద కూర్చుని ఉన్నారు. నేను ఆయన పక్కన కూర్చున్నాను. దారి పొడుగునా తయారు చేసుకున్న మాటలన్నీ ఒక్క ఊపులో చెప్పేశాను. సీట్లు వేసింది నేనేనని, మార్తమ్మ అడిగినా వినలేదని, అబద్ధం చెప్పానని, జవాబు వస్తే చింపేశానని. చెప్పి ఊపిరి పీల్చుకున్నాను. చాలా తేలికైంది.

రత్నం తలెత్తి నన్ను అప్పుడే చూశాడు.

“మల్లన్నా! ఎప్పుడొచ్చినవ్? గటు కూసున్నవేందే, అది పోయిన చెవు. ఇటు రా.”

లేచి కుడి వైపుకు పోయాను. మళ్లీ చెప్పడం మొదలుపెట్టాను. ఆయన చెయ్యి చెవి వెనక పెట్టుకుని “గట్టిగ” అన్నాడు. గట్టిగా చెప్పాను. “ఇంజను ఆపుండ్రే” అని రైతులను కేకేశాడు. ఇంజను ఆగింది. నా గొంతు మాత్రం అదే ఎత్తున ఉండిపోయింది. ‘చింపేసిన’ అన్న మాట వీధంతా వినపడింది. రైతులు ఇటు తిరిగారు. లోపలి నుంచి మార్తమ్మ బయటికి వచ్చి గడపలో నిలబడింది.

రత్నానికి సగమే అందినట్టుంది. అలవాటు ప్రకారం ఆమె వైపు చూశాడు.

“ఏమంటున్నడు?”

ఆమె నన్ను చూసింది. నేను ఏదో అనబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టి మొగుడి కుడి పక్కకు వచ్చి, ఆయన ముఖానికి ఎదురుగా తిరిగి చెప్పింది. నిదానంగా, బళ్లో పాఠం అప్పజెప్పినట్టు.

“సీట్లు గట్ల ఏసింది అన్ననేనట. నేనడిగింది యాదికున్నదట, ఖాతరు చెయ్యలేదట. విమానపోళ్లు మార్చలేదట. అర్జీకి జవాబొచ్చిందట. దాని మీద అన్న పేరున్నదట. చింపేసిండట.”

ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట విడవలేదు.

“ఇంకేమన్నడు?” అన్నాడు రత్నం.

“గంతే.”

రత్నం కొంతసేపు చేతులకు అంటిన నూనె గుడ్డతో తుడుచుకున్నాడు. తర్వాత లేచి పోయి హ్యాండిలు తిప్పి ఇంజనును మళ్లీ నడిపించాడు. అది అందుకుని హోరెత్తాక నా వైపు తిరిగి ఏదో అన్నాడు. పెదవులు కదలడం కనిపించింది. చిన్న మాట కాదు, నాలుగైదు వాక్యాలు ఉంటాయి. నాకు ఒక్క ముక్క వినపడలేదు.

మార్తమ్మ వైపు చూశాను. ఆమె ఆయన వెంటే పోయి కుడి పక్కనే నిలబడి ఉంది, అంతా విన్నది. ఆ మాట నాకు చెప్పలేదు.